పేడ శాంపిళ్ల చదువుకి భవిష్యత్తు ఉందా?

ప్రశ్న: మాది గాజువాక. అమ్మాయి బైపీసీ పూర్తిచేసింది, ఎంబీబీఎస్ సీటు రాలేదు. పశువుల జన్యువులను బట్టి వాటి కడుపులో బ్యాక్టీరియా ఎలా మారుతుందో పరిశోధన చేస్తానంటోంది. వెటర్నరీ మంచిదా, బీఎస్సీ మైక్రోబయాలజీనా? మావారేమో ఆరు నెలల మైక్రోబయోమ్ (కడుపులోని సూక్ష్మజీవుల సమూహం) డేటా కోర్సు చాలంటున్నారు. పేడ ఎత్తే చదువని నలుగురికీ ఎలా చెప్పుకోను?

జవాబు: అమ్మా, మీ టెన్షన్ అంతా ఆ చివరి మాటలోనే ఉంది. పిల్ల ఇంత మంచి ప్రశ్న పట్టుకుంటే మీరు నలుగురి గురించి ఆలోచిస్తున్నారు. అది తప్పు.

ఒకే పాకలో ఒకే మేత తిన్న రెండు ఆవుల కడుపులో సూక్ష్మజీవులు ఒకేలా ఉండవు. మేత, వయసు, మందుల ప్రభావం ఎక్కువే. అయినా కొంత వంశంలోనే వస్తుంది. మనకు బ్లడ్ గ్రూపు తేల్చే ఏబీఓ జన్యువు పందుల్లోనూ ఉంది. అందులో ఒక ముక్క లేని పందుల పేగుల్లో ఒక రకం చక్కెర తగ్గి, దాన్ని తిని బతికే బ్యాక్టీరియా కూడా తగ్గుతుందని 2022లో చైనా శాస్త్రవేత్తలు చూపించారు. త్రేన్పుల్లో మీథేన్ తక్కువ వదిలే పశువుల సంతతిని పెంచగలమా అన్న పరిశోధన కూడా ఈ దారిలోదే.

మీవారు చెప్పిన కోర్సు మీద నాకు అనుమానాలే ఎక్కువ. కోడింగ్ కావాలి, కాదనను. కానీ అదొక్కటే నేర్చుకున్న పిల్లలు నా దగ్గరికొచ్చి రంగురంగుల గ్రాఫులు చూపిస్తారు. ఈ ఆవు ఎప్పుడు ఈనింది, పోయిన వారం యాంటీబయాటిక్ వేశారా అంటే తెలియదంటారు. అది తెలియకపోతే ఏది జన్యువు పనో, ఏది మందు పనో ఎలా విడదీస్తారు? పేడ నేల మీద పడితే మట్టిలోని బ్యాక్టీరియా కలుస్తుంది. అందుకే గ్లౌజు వేసుకుని నేరుగా లోపలినుంచే తీసి, ట్యూబు మీద చెవి ట్యాగు నంబరు రాసి, వెంటనే ఐసులో పెట్టాలి. ఆ నంబరు తప్పుపడితే ఏ కంప్యూటరూ సరిదిద్దలేదు.

సీటొస్తే వెటర్నరీలోనే చేర్చండి. గరివిడి కాలేజీ మీకు దగ్గరే. పశు జన్యుశాస్త్రంలో ఎంవీఎస్సీకి, అంటే వెటర్నరీ పీజీకి, ఆ డిగ్రీ కావాలి, పరిశోధన కుదరకపోయినా పశువైద్యురాలిగా నిలబడుతుంది. సీటు రాకపోతే మైక్రోబయాలజీ తీసుకోనివ్వండి, బీఎస్సీతో మాత్రం ఆపకండి. డీఎన్ఏ తీసేవాళ్లు, లెక్కలు కట్టేవాళ్లు కూడా ఈ పనికి కావాలి.

కంగారు పడకండి, పిల్ల దారి తప్పలేదు. కౌన్సెలింగ్‌కి ముందు ఒక వారం దగ్గర్లోని పశువుల ఆసుపత్రికి పొద్దున్నే పంపండి. ఎనిమిదో రోజు కూడా వెళ్తానంటే మీరు అడ్డు చెప్పకండి.