దసరా లోపు మేడ మీద రేకులు చూసుకో

చిరంజీవి అమ్మడికి,

మావయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన అమెరికా టోర్నడో వీడియో చూశాను. వీధికి వీధే నేలమట్టం, కప్పులు లేచిపోయిన ఇళ్లు. చూసినప్పటి నుంచి నిద్ర పట్టడం లేదన్నావు. తోటపాలెంలో పై అంతస్తు ఫ్లాటు, చంకలో చంటిది, అల్లుడుగారేమో ఎప్పుడూ క్యాంపుల్లో. టెన్షన్ ఉంటుంది మరి. ఫోన్లో చెబితే సగం మాట పిల్ల ఏడుపులో కలిసిపోతోందని ఇలా రాస్తున్నాను.

టోర్నడో మన దేశానికి రాదని కాదు. 2024 మార్చి 31న పశ్చిమ బెంగాల్లో జల్పాయ్‌గురి జిల్లా మైనాగురి మీద పడి, నిమిషాల్లో ఊళ్లను చిందరవందర చేసి పోయింది. కానీ విజయనగరం, శ్రీకాకుళం వాళ్లం భయపడాల్సింది తుపానుకే. టోర్నడో సన్నగా ఒక దారి పట్టుకుని పోతుంది, చెప్పి రాదు. తుపాను జిల్లాలకు జిల్లాలనే గంటల తరబడి కొడుతుంది, కాకపోతే రెండు మూడు రోజుల ముందే కబురు వస్తుంది. ఆ రెండు రోజులూ పాల ప్యాకెట్ల కోసం పరుగులు పెట్టడంతోనే గడిపేస్తారు జనం. మేడ ఎక్కి చూసేవాడు ఒక్కడూ ఉండడు.

గాలికి మీ స్లాబు ఎక్కడికీ పోదు. ఎగిరేది దాని మీదున్న సరుకు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా పలాస తీరం దాటినప్పుడు గాలి గంటకు 140, 150 కిలోమీటర్లు. తెల్లారి చూస్తే మా వీధి చివర స్తంభానికి ఒక ఇనుప రేకు చీర చుట్టినట్టు చుట్టుకుపోయి ఉంది, అంచుకి తుప్పు పట్టిన హుక్కు వేలాడుతూ. ఎవరి మేడ మీదిదో, మాదని ఒక్కరూ ఒప్పుకోలేదు! అది మనిషికి తగిలి ఉంటే ఏమయ్యేదో నేను చెప్పక్కర్లేదు. మీ అసోసియేషన్ వాళ్లు ఫంక్షన్ల కోసం వేసిన రేకుల షెడ్డు సంగతి అందుకే అడుగుతున్నాను. హుక్కులు బిగించాలి, తుప్పు పట్టినవి మార్చాలి. పూలకుండీలు, విరిగిన కుర్చీలు, వాడని డిష్షు, అన్నీ కిందికి దించేయాలి. నీళ్ల ట్యాంకు మాత్రం నిండా నింపించు. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే టన్ను బరువు, కదలదు. ఖాళీది దొర్లుకుంటూ పోయి పక్కింటి మీద పడుతుంది. పైగా తర్వాత మోటారు ఆడదు కాబట్టి ఆ నీళ్లే దిక్కు.

గాలి మొదలయ్యాక పై అంతస్తులో ఉండకు. పిల్లని తీసుకుని కింద అంతస్తు వాళ్లింటికి వెళ్లి, అద్దాల కిటికీలు లేని మధ్య గదిలో కూర్చో. వాళ్లతో ఇప్పుడే ఒక మాట అనుకుని ఉంచు. కిటికీలు తెరిచి ఉంచితే ఒత్తిడి తగ్గుతుందని ఎవరో ఒక పెద్దాయన చెబుతాడు, వినకు. అన్నీ గట్టిగా మూసేయాలి. నట్టనడుమ గాలి ఒక్కసారిగా ఆగి, ఆకాశం తేటపడినా బయటికి రావద్దు. అది తుపాను కన్ను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ అప్పుడు విశాఖలో అదే జరిగింది. కన్ను దాటాక గాలి ఎదురు దిక్కు నుంచి కొడుతుంది, అప్పటికే వదులైన చెట్లూ హోర్డింగులూ అప్పుడే కూలతాయి.

అన్నట్టు, రేవుల్లో ఎగరేసే తుపాను హెచ్చరికల్లో 10వ నంబరు కంటే 11వ నంబరు పెద్ద ప్రమాదం అనుకుంటారు చాలామంది. 11 అంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని.

ఇక కరెంటు. లైన్‌మన్‌గా రిటైరైనవాణ్ణి కదా, ఇక్కడ కాస్త సాగదీస్తాను. గాలి పెరగకముందే మెయిన్ ఆపెయ్. మర్నాడు రోడ్డు మీద తెగిపడిన తీగ కనిపిస్తే, ఊరంతా కరెంటు లేకపోయినా సరే, అందులో ఉందనే అనుకో. కర్రతో జరపడాలూ గిరపడాలూ వద్దు. దూరంగా నిలబడి 1912కి ఫోన్ చెయ్యి.

అసలు భయం జనరేటర్లతో. తిత్లీ తర్వాత మా ఉద్దానం ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. నీళ్ల మోటారు కోసం జనరేటర్ అద్దెకి తెచ్చి, రెండు వైర్లు ఏదో ప్లగ్గులో గుచ్చేసేవారు. ఆ కరెంటు ఇంట్లోనే ఆగదమ్మా. మీటరు దాటి వీధి లైనెక్కి ట్రాన్స్‌ఫార్మర్‌కి చేరుతుంది. 11 వేల వోల్టులను మనకి తగ్గించి ఇచ్చే ఆ ట్రాన్స్‌ఫార్మరే, ఇటు నుంచి ఎక్కిన కరెంటుని అటు 11 వేలకి పెంచుతుంది. లైను ఆఫ్‌లో ఉందని నమ్మి అవతల స్తంభం మీద ఒకడు పని చేస్తుంటాడు. వేరే జిల్లా నుంచి వచ్చి, తెలియని ఊళ్లో అన్నం వేళకి తినక పని చేస్తున్న కుర్రాడు. అందుకని మీ అపార్టుమెంటులో చేంజోవర్ స్విచ్, అంటే వీధి లైను, జనరేటర్ రెండూ కలవకుండా ఒక్కసారి ఒక్కదానికే కలిపే స్విచ్, అది లేకుండా జనరేటర్ కలపనివ్వకు. గొడవైనా పర్వాలేదు. సెల్లార్లో మూలన పెట్టి నడపనివ్వకు కూడా, ఆ పొగకి ప్రాణాలు పోతాయి.

మిగతావి నీకు తెలిసినవే: పిల్ల మందులు, పాలపొడి, పవర్ బ్యాంకు, టార్చి. చేతిలో కాస్త నగదు ఉంచుకో, ఫోన్‌పే పనిచేయదు, ఏటీఎంలూ అంతే.

ఫైలిన్, హుద్‌హుద్, తిత్లీ మూడూ అక్టోబరులోనే వచ్చాయి. ఈ ఆదివారం అల్లుడుగారు ఇంట్లో ఉంటే మేడ ఎక్కి హుక్కులు ఒక్కొక్కటీ చేత్తో కదిపి చూడమను. వదులుగా ఉన్నవాటికి ఫోటో తీసి నాకు పంపు. ఖర్చెవరు పెట్టుకోవాలని మీ ప్రెసిడెంటు సాగదీస్తే నంబరివ్వు, నేను మాట్లాడతాను. అత్తయ్య జీడిపప్పు కట్టి ఉంచింది, వచ్చేవాళ్లెవరైనా ఉంటే చెప్పు.

మీ మావయ్య,
కాశీబుగ్గ