సర్ వేమార్ రాయిస్ వట్టి పొగరుబోతేనా?

'ఎ గేమ్ ఆఫ్ థ్రోన్స్' (1996) నవల తొలి ఘట్టం (ప్రోలాగ్)లోనే చనిపోయే ఈ కుర్ర నైట్‌కి అంత ప్రాధాన్యం ఎందుకని అడిగారు. పొగరు ఉన్న మాట నిజమే. కానీ అతను తెలివితక్కువవాడు కాదు, పిరికివాడు అసలే కాదు.

రూన్‌స్టోన్ ప్రభువు యోన్ రాయిస్ చిన్న కొడుకు. వయసు 18. ఉత్తరాన ఉన్న పెద్ద మంచు గోడని కాపలా కాసే దళం నైట్స్ వాచ్‌లో చేరి ఏడాది కూడా కాలేదు, అయినా అనుభవజ్ఞులైన విల్, గారెడ్‌ల మీద నాయకుడు. వాళ్లకి ఒళ్లు మండటం సహజం.

చాలామంది గమనించని చోటు ఒకటుంది. గోడ అవతల శవాలుగా కనిపించిన ఆటవికులు చలికి చచ్చారని గారెడ్ అంటాడు. ఆ వారం గోడ ఎలా ఉందని వేమార్ విల్‌ని అడుగుతాడు. మంచు కరిగి నీళ్లు కారుతున్నాయని తేలుతుంది. మరి అంతమాత్రం చలికి మనుషులెలా చస్తారు? చక్కటి తర్కం కదా!

ఆఖరికి తెల్లని ఆకారం (మనిషి కాని ఒక మంచు జీవి) ఎదురుపడితే పారిపోలేదు, కత్తి ఎత్తి నిలబడ్డాడు. గాయపడ్డాక కూడా తలపడ్డాడు. కత్తి ముక్కలైంది, ఒక ముక్క అతని ఎడమ కంట్లో దిగింది. తర్వాత శవమై లేచి, నీలంగా వెలిగే కుడి కన్నుతో విల్ గొంతు పట్టుకుంటాడు. చదువుతుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

2011లో వచ్చిన టీవీ సీరియల్లో ఈ ద్వంద్వయుద్ధం లేదు. అందుకే సీరియల్ మాత్రమే చూసినవాళ్లకి అతని ధైర్యం తెలియదు.