‘నమస్కారం గారూ’ అని వెళ్లిపోయిన మెయిల్

ప్రశ్న: మాది రాజమండ్రి. ఇంట్లో పిండివంటలు చేసి అమ్ముతాను. సంక్రాంతి అరిసెల ఆర్డర్ల కోసం మెయిల్‌చింప్‌లో (ఒకేసారి చాలామందికి మెయిల్ పంపే సర్వీసు) తెలుగు మెయిల్ తయారుచేసి 340 మందికి పంపాను. పైన కొందరికి ‘నమస్కారం కె. గారూ’ అని, కొందరికి ఉత్త ‘నమస్కారం గారూ’ అని వెళ్లింది. చివర్లో పేరు రావలసిన చోట అందరికీ నక్షత్రాలు, గీతలే కనిపించాయి. పాత కస్టమర్లు ఏమనుకున్నారో అని టెన్షన్‌గా ఉంది. ఎక్కడ తప్పు చేశాను?

జవాబు: మూడు చోట్ల మూడు వేరు తప్పులు జరిగాయమ్మా. అన్నీ సరిచేసుకోగలిగినవే.

ముందు ఆ నక్షత్రాల సంగతి. పేరు రావలసిన చోట మీరు పెట్టేది *|ఎఫ్‌నేమ్|* అనే గుర్తు. దీన్నే మెర్జ్ ట్యాగ్ అంటారు. ఇక్కడ తెలుగులో వేశాం గానీ, మీరు ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లోనే కొట్టాలి. నక్షత్రం, నిలువు గీతతో మొదలై, నిలువు గీత, నక్షత్రంతో ముగియాలి. మధ్యలో ఖాళీ ఉండకూడదు. పైన పేరు పడింది, చివర పడలేదు అంటే, చివరిది తెలుగు కీబోర్డు మీద ఉండగా చేత్తో కొట్టి ఉంటారని నా అనుమానం. నిలువు గీత బదులు పద్యం చివర పెట్టే దండం పడినా మన కంటికి ఒకటిలాగే ఉంటుంది, సాఫ్ట్‌వేర్ మాత్రం దాన్ని గుర్తుపట్టదు. వర్డ్ నుంచి కాపీ చేసి అతికించినా కనపడని ఫార్మాటింగ్ మధ్యలో దూరి గుర్తు విరిగిపోవచ్చు. కాబట్టి ఎడిటర్‌లో ఉండే మెర్జ్ ట్యాగ్‌ల మెనూ నుంచే ఎంచుకోండి.

ఇక ‘కె. గారూ’. ఆ గుర్తు పేరును తెచ్చుకునే గడి ఫస్ట్ నేమ్. మనవాళ్లు ఇంటిపేరో దాని పొడి అక్షరమో ముందు రాస్తారు. మీ ఎక్సెల్ షీట్‌లో పేరును రెండు ముక్కలు చేసినప్పుడు మొదటి గడిలో ‘కె.’ పడింది. నేనూ ఒకప్పుడు వర్డ్ మెయిల్ మెర్జ్‌తో ఉత్తరాలు వేసి, నాకు చదువు చెప్పిన మాస్టారికి ‘పి. గారికి’ అని పంపాను. ఫోన్ చేసి క్షమాపణ చెప్పుకున్నాను. ఆ రోజు నుంచి పేరు గడిని నమ్మడం మానేశాను. మీరు ‘పిలుపు’ అని కొత్త ఫీల్డ్ ఒకటి చేర్చండి. లక్ష్మి, సుబ్బారావు, మూర్తి అని, మీరు ఎలా పిలుస్తారో అలాగే నింపండి. 340 పేర్లకు ఒక పూట పడుతుంది, కానీ ఆ కష్టం వృథా కాదు. ట్యాగ్ పేరు పది అక్షరాలు దాటకూడదు, పిలుపుకు ఇంగ్లిష్‌లో ఆరే పడతాయి.

ఉత్త ‘గారూ’ మాత్రం మన భాషకే వచ్చే చిక్కు. పేరు గడి ఖాళీగా ఉంటే పేరు మాయమవుతుంది, మీరు విడిగా రాసిన ‘గారూ’ మిగిలిపోతుంది. అందుకే ‘గారూ’ను కూడా షరతు లోపల పెట్టాలి (గుర్తులు ఇక్కడా ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లోనే కొట్టాలి):

*|ఇఫ్:పిలుపు|*నమస్కారం *|పిలుపు|* గారూ,*|ఎల్స్:|*నమస్కారమండీ,*|ఎండ్:ఇఫ్|*

పిలుపు ఉంటే మొదటి ముక్క, లేకపోతే రెండోది వెళ్తుంది. ఎల్స్ పక్కన రెండు చుక్కలు మరచిపోకండి. ఖాళీ గడికి డిఫాల్ట్ మాట పెట్టే వీలుంది గానీ, ‘మిత్రులు’ అని పెడితే ‘మిత్రులు గారూ’ అని వెళ్తుంది. తెలుగులో అది కుదరదు.

ఇంకో మాట. గుర్తుకు ‘కి’, ‘ని’, ‘తో’ నేరుగా తగిలించకండి. సావిత్రికి సరిపోయిన ‘కి’ రాముడు దగ్గర ‘రాముడుకి’ అయి తప్పుతుంది, అక్కడ ‘రాముడికి’ అనాలి. సాఫ్ట్‌వేర్‌కు ఆ వ్యాకరణం రాదు. ‘గారు’ మధ్యలో పెడితే ‘గారికి’, ‘గారితో’ అని మార్పంతా అక్కడే జరుగుతుంది, పేరు చెక్కుచెదరదు.

పంపే ముందు ప్రివ్యూలో లైవ్ మెర్జ్ ట్యాగ్ ఇన్ఫో ఆన్ చేసి, ఇంటిపేరు ముందు ఉన్నవాళ్లు ఒకరిని, గడి ఖాళీగా ఉన్నవాళ్లు ఒకరిని తీసి చూడండి. ఆ రెండు మెయిళ్లూ సరిగ్గా కనిపిస్తే పంపేయండి.