పొక్లెయిన్ మెకానిక్ అవుతానంటున్నాడు, పంపమంటారా?

ప్రశ్న: మా అబ్బాయి పది పాసయ్యాడు. ఇంటర్ వద్దట, పొక్లెయిన్లు, డంపర్లు రిపేరు చేసే పని నేర్చుకుంటాడట. సెలవులంతా మేనమామ షెడ్డులోనే ఉన్నాడు. బతుకంతా గ్రీజు చేతులేనా అని మా దిగులు. – ఒక తల్లి, మంచిర్యాల

జవాబు: పంపండమ్మా. కాకపోతే నేరుగా షెడ్డుకు కాదు, ముందు ఐటీఐకి. డీజిల్ మెకానిక్ ఒక ఏడాది, మోటార్ వెహికల్ మెకానిక్ రెండేళ్లు. నా మాట వింటే రెండేళ్లదే తీసుకోమనండి. తర్వాత చదవాలనిపిస్తే ఎల్‌పీసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. ఆ దారి మూసుకోవద్దు.

గ్రీజు తప్పదు. ఎండలో, దుమ్ములో పని, అర్ధరాత్రి ఫోన్లు, నెలల తరబడి సైట్లో మకాం కూడా ఉంటాయి. అయితే ఈ పనిలో మంచి జీతం నట్లు విప్పినందుకు రాదు, లోపం ఎక్కడుందో పట్టుకున్నందుకు వస్తుంది. బూమ్ (పొక్లెయిన్ పెద్ద చెయ్యి) నెమ్మదిగా లేస్తోందని ఆపరేటర్ చెప్పగానే హైడ్రాలిక్ (ఆయిల్ ప్రెషర్‌తో నడిపే) పంపు మార్చేయాలనేవాళ్లు చాలామంది. బాగా నేర్చినవాడు ముందు ఆయిల్ చూస్తాడు, బకెట్, స్వింగ్ (బండి పైభాగం తిరగడం) ఎలా కదులుతున్నాయో చూస్తాడు. అవి బాగానే ఉంటే పంపు జోలికి పోకుండా బూమ్ వాల్వు, సిలిండర్ సీళ్ల వైపు వెళ్తాడు. గేజ్ పెట్టి ప్రెషర్ కొలిచాకే స్పానర్ పడతాడు. యజమానికి లక్షల ఖర్చు మిగిల్చే మనిషిని ఎవరూ వదులుకోరు.

కొత్త ఇంజన్లలో కామన్ రైల్ (అన్ని ఇంజెక్టర్లకూ ఒకే గొట్టం నుంచి గట్టి ప్రెషర్‌తో డీజిల్ అందించే పద్ధతి), సెన్సర్లు, ఈసీయూ (ఇంజన్‌ను నియంత్రించే చిన్న కంప్యూటర్) వచ్చేశాయి. అందుకే హైడ్రాలిక్స్‌తో పాటు వైరింగ్ డయాగ్రామ్ చదవడం, మల్టీమీటర్ వాడడం తప్పకుండా నేర్చుకోవాలి. మేనమామ అనుభవం విలువైనదే, కానీ ఒక పాత అలవాటు మాత్రం అంటకూడదు. ఏ సిలిండర్ పనిచేయడం లేదో తెలుసుకోవడానికి ఇంజన్ నడుస్తుండగానే ఇంజెక్టర్ పైపు నట్టు వదులు చేసేవారు. కామన్ రైల్లో ప్రెషర్ వెయ్యి బార్ దాటుతుంది, ఆ పని చేస్తే ప్రాణం మీదికే వస్తుంది. హైడ్రాలిక్ పైపులో సన్నటి లీకును కూడా చేత్తో తడమకూడదు, అట్టముక్క అడ్డం పెట్టి చూడాలి. చర్మంలోకి ఆయిల్ దూరితే పైకి సూదిపోటంతే కనిపిస్తుంది, నొప్పి లేకపోయినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. ఇది వాడికి ఈ రోజే చెప్పండి.

ఐటీఐ అయ్యాక అప్రెంటిస్‌షిప్ చేయాలి. మీ చుట్టుపక్కలే సింగరేణి ఓపెన్‌కాస్టు బొగ్గు గనులున్నాయి, అక్కడ ఐటీఐ వాళ్లను అప్రెంటిస్‌లుగా తీసుకుంటారు. అక్కడ పర్మనెంట్ ఉద్యోగం మాత్రం నోటిఫికేషన్ వస్తేనే, పోటీ కూడా గట్టిది. దానికోసం ఎదురుచూస్తూ ఇంట్లో కూర్చోనివ్వకండి. జేసీబీ, టాటా హిటాచీ, కొమాట్సు లాంటి కంపెనీల డీలర్ల సర్వీస్ వర్క్‌షాపుల్లో రెండు మూడేళ్లు చేయనివ్వండి. సైట్ కాంట్రాక్టర్ ఎక్కువ ఇస్తానన్నా తొలి ఏళ్లలో డీలరే మేలని నా నమ్మకం. మాన్యువల్ చూసి పనిచేయడం, కంపెనీ ట్రైనింగ్ అక్కడే దొరుకుతాయి.

గల్ఫ్ మాట తర్వాత ఎలాగూ వస్తుంది. చేతిలో అనుభవం సర్టిఫికెట్లు ఉన్నాకే వెళ్లాలి, అదీ ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో నమోదైన ఏజెంటు ద్వారానే. విజిట్ వీసా మీద పంపిస్తానన్నవాడికి పాస్‌పోర్టు ఇవ్వొద్దు.