కుక్క మొరిగినట్టు దగ్గు: ఒక్క డోసు మందుతో సరిపోతుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది విశాఖపట్నం, గాజువాక. మా బాబుకి 20 నెలలు, 11 కిలోల బరువు. రెండ్రోజులు జలుబు, కాస్త ఒళ్లు వెచ్చబడింది, అంతే. మొన్న అర్ధరాత్రి దాటాక ఉన్నట్టుండి లేచి కుక్క మొరిగినట్టు దగ్గడం మొదలుపెట్టాడు. ఏడ్చినప్పుడల్లా గాలి లోపలికి పీలుస్తుంటే గొంతులో కీచుమని శబ్దం. మా అత్తయ్య కోరింత దగ్గేమోనని ఆవిరి పట్టబోయారు. ఆస్పత్రికి పరుగెత్తితే క్రూప్ అని చెప్పి, ఒక్క డోసు స్టెరాయిడ్ తాగించి, కొన్ని గంటలు చూసి పంపేశారు. యాంటీబయాటిక్ లేదు, దగ్గు సిరప్పూ లేదు. పసివాడికి స్టెరాయిడ్ ఏమిటని ఇంట్లో అందరూ అంటున్నారు. సరైన వైద్యమేనా?

జవాబు: సరైన వైద్యమేనమ్మా, టెన్షన్ పడకండి. ఇది కోరింత దగ్గు కాదు. క్రూప్‌కి కారణం వైరస్, ఎక్కువగా పారాఇన్‌ఫ్లూయెంజా. అందుకే యాంటీబయాటిక్ పనిచేయదు, దగ్గు సిరప్ వల్లా ఉపయోగం లేదు. ఆ వైరస్ స్వరపేటిక కింద వాపు తెస్తుంది. మీ బాబు వయసులో అక్కడి దారే కొద్ది మిల్లీమీటర్లు, చుట్టూ ఒక్క మిల్లీమీటరు వాచినా సగం మూసుకుపోయినట్టే, అందుకే మనకు గొంతు బొంగురుపోయి ఊరుకునే వైరస్ వాళ్లకు ఊపిరి కష్టం చేస్తుంది. ఆ వాపును తీసేది డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్. కిలోకి 0.15 నుంచి 0.6 మిల్లీగ్రాముల లెక్కన సాధారణంగా ఒక్కసారి ఇస్తే చాలు, గంట రెండు గంటల్లో పని మొదలై రెండు మూడు రోజులు ఉంటుంది. స్టెరాయిడ్ గురించి మీరు విన్న భయాలన్నీ నెలల తరబడి వాడినవాళ్లవి. అలాగని మిగిలిన సీసా దాచి మళ్ళీ మీరే పోయకండి.

ఊపిరి బాగా ఇబ్బందిగా ఉంటే అడ్రినలిన్‌ను నెబ్యులైజర్‌లో పెడతారు. అరగంటలోపే తేడా కనిపిస్తుంది కానీ రెండు గంటల్లో దాని పని అయిపోతుంది, అందుకే వెంటనే ఇంటికి పంపరు. ఆస్తమా పిల్లలకు నెబ్యులైజర్‌లో పెట్టే సాల్బుటమాల్ వేరు, అది దీనికి పనికిరాదు.

ఆవిరి మాత్రం వద్దు. దానివల్ల మేలు ఉన్నట్టు రుజువు లేదు, మరిగే నీళ్ల గిన్నె మీద పడి కాలిన పిల్లలుంటారు. బాగా చల్లని గాలి కొందరికి ఉపశమనం ఇస్తుంది, మన విశాఖ రాత్రుల్లో అంత చలి ఎక్కడిది!

ఇక మీరు చూడాల్సింది దగ్గుని కాదు, ఊపిరిని. రెండు మూడు రాత్రులు దగ్గు తిరగబెట్టవచ్చు. బాబు ఏడవకుండా ఊరికే ఉన్నప్పుడు కూడా కీచుమంటున్నా, చొక్కా విప్పి చూస్తే డొక్కలు ఎగరేస్తున్నా, పెదాలు నీలంగా మారినా, మత్తుగా పడిపోతున్నా తెల్లారేదాకా ఆగొద్దు. 108కి ఫోన్ చేయండి, గాజువాక నుంచి కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆస్పత్రి) దాకా వెళ్లేకంటే దగ్గర్లో పిల్లల ఎమర్జెన్సీ చూసే చోటు ఏదో ఈరోజే కనుక్కుని పెట్టుకోండి. ఎక్కువ జ్వరంతో, చొంగ మింగలేక, ముందుకు వంగి కూర్చుంటే అది వేరే జబ్బు కావచ్చు, ఇంకా తొందరపడాలి. జలుబూ జ్వరం ఏమీ లేకుండా పల్లీలు తింటూ ఒక్కసారిగా ఉక్కిరిబిక్కిరి అయినా అంతే.

దారిలో బాబుని మీ ఒళ్లోనే కూర్చోబెట్టుకోండి, పడుకోబెట్టొద్దు. గొంతులో ఏముందో చూద్దామని నోట్లో చెంచా పెట్టొద్దు, ఏడిస్తే ఆ ఇరుకు దారి ఇంకా ఇరుకవుతుంది.