వెళ్లడానికి మూడు గంటలు, రావడానికి ముప్పై ఒకటా?

ప్రశ్న: జనవరిలో అబ్బాయి దగ్గరికి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్తున్నాం. బెంగళూరులో మధ్యాహ్నం 2కు ఎక్కితే అదే రోజు సాయంత్రం 5కు దిగుతామని టికెట్‌లో ఉంది. వచ్చేటప్పుడు సోమవారం రాత్రి 9కి బయల్దేరి బుధవారం తెల్లవారుజామున 4కు చేరతామట. రెండూ ఎక్కడా ఆగని విమానాలే. ఇంత తేడా ఏమిటి?
– ఒక పాఠకురాలు, మారతహళ్లి

జవాబు: టికెట్‌లో ఏ ఊరి సమయం ఆ ఊరి గడియారం ప్రకారమే వేస్తారు. చలికాలంలో శాన్‌ఫ్రాన్సిస్కో మనకంటే 13.30 గంటలు వెనక. అక్కడ సాయంత్రం 5 అంటే ఇక్కడ మర్నాడు ఉదయం 6.30. అంటే మీ ప్రయాణం పదహారున్నర గంటలు. అలాగే అక్కడి సోమవారం రాత్రి 9 మనకు మంగళవారం ఉదయం 10.30. అక్కడి నుంచి లెక్కేస్తే తిరుగు ప్రయాణం పదిహేడున్నర గంటలు. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా అక్కడ గడియారాలు గంట ముందుకు జరుపుతారు కాబట్టి ఆ నెలల్లో తేడా 12.30 గంటలే.

ఇక పదహారున్నరకు, పదిహేడున్నరకు మధ్య ఉన్న గంట తేడా గాలిది. విమానాలు ఎగిరే ఎత్తులో పడమటి నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే బలమైన గాలి వీస్తుంది. మీ విమానం వెళ్లేటప్పుడు తూర్పుకు పోతుంది కాబట్టి అది వెనక నుంచి తోస్తుంది, వచ్చేటప్పుడు ఎదురొస్తుంది. చలికాలంలో దాని జోరు ఇంకా ఎక్కువ. గంటకు 900 కి.మీ. వేగంతో పోయే విమానానికి దారి పొడవునా 50 కి.మీ. ఎదురుగాలి తగిలితే 14,000 కి.మీ. దూరానికి దాదాపు గంట ఆలస్యమవుతుంది.

షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు గడియారం చూసి వేసుకుంటే డోసు తప్పుతుంది, లేదా రెండుసార్లు పడుతుంది. ఎన్ని గంటలకొకటి వేసుకోవాలో బయల్దేరేముందే డాక్టరుతో కాగితం మీద రాయించుకోండి. ఇన్సులిన్ మాత్రం చేతి సంచిలోనే ఉండాలి. పెద్ద పెట్టెలో వేస్తే చలికి గడ్డకట్టే ప్రమాదం ఉంది, గడ్డకడితే ఇక పనికిరాదు.

తారీఖుల దగ్గర పొరపాటు పడేవాళ్లే ఎక్కువ. టికెట్‌లో శుక్రవారం 00.40 అని ఉంటే మీరు గురువారం రాత్రి 9.30కల్లా దేవనహళ్లి విమానాశ్రయంలో ఉండాలి. శుక్రవారం రాత్రి వెళ్తే విమానం వెళ్లిపోయి దాదాపు ఒక రోజు అయి ఉంటుంది.

ప్రశ్న: అట్లాసులో చూస్తే పసిఫిక్ మీదుగా తిన్నగా పోవచ్చు కదా, సైబీరియా వైపు ఎందుకు ఎక్కుతారు?
– ఒక విద్యార్థి, కె.ఆర్.పురం

జవాబు: గ్లోబు మీద బెంగళూరు, శాన్‌ఫ్రాన్సిస్కోల మధ్య దారం బిగించి చూడండి. అది సుమారు 71 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాకా పైకి పోతుంది. గోడ మ్యాపు మీద స్కేలు పెట్టి గీసిన గీత వెంట వెళ్తే దాదాపు 16,000 కి.మీ., అంటే రెండు వేలు ఎక్కువ. 2021 జనవరిలో కెప్టెన్ జోయా అగర్వాల్, ఆమెతో ఉన్న మహిళా పైలట్లు శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు ఎయిర్ ఇండియా తొలి నాన్‌స్టాప్ విమానాన్ని ఉత్తర ధ్రువ ప్రాంతం మీదుగా తీసుకొచ్చారు. అయితే ఏ దారిన పోవాలో ఆనాటి గాలులు, ఏ దేశం గగనతలం తెరిచి ఉందన్నది చూసి నిర్ణయిస్తారు. అందుకే ఒకే విమానానికి ఇవాళ, రేపు గంటలు మారుతుంటాయి.