టెక్ సందేహాలు: కస్టమర్ పెన్‌డ్రైవ్‌ను మెషిన్ కంప్యూటర్‌కు పెట్టకండి

ప్రశ్న: ఏర్పేడు దగ్గర మాకు సీఎన్‌సీ రూటర్ (కంప్యూటర్ నడిపే చెక్కుడు మెషిన్) షాపు ఉంది. తలుపులు, పూజా మందిరాలు చేస్తాం. మెషిన్ చెక్కాక ఫినిషింగ్ మాధవమాల పనివాళ్లు ఉలితో చేస్తారు. ఒక కస్టమర్ పెన్‌డ్రైవ్ పెట్టినప్పటి నుంచి ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారాయి. మొన్న టేకు తలుపు సగంలో ఉండగా కంప్యూటర్ ఆగి ఆగి నడిచి, గజలక్ష్మి బొమ్మ పక్కకు జరిగిపోయింది. విండోస్ 7 తీసేసి కొత్తది వేయమంటారా?

జవాబు: వేయకండి. మీ మెషిన్ ప్యారలల్ పోర్ట్ (పాత ప్రింటర్లకు వాడే వెడల్పాటి సాకెట్) కేబుల్‌తో నడుస్తుంటే, ఆ పాత కంట్రోల్ సాఫ్ట్‌వేర్ చాలావరకు పాత రకమైన 32 బిట్ విండోస్ మీదే పనిచేస్తుంది. కొత్తది వేస్తే మెషిన్ మూలన పడుతుంది. రేణిగుంట నుంచి, పుత్తూరు నుంచి కూడా ఇదే ఫిర్యాదు వచ్చింది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

మెషిన్‌ను కదిపే స్టెప్పర్ మోటార్ కంప్యూటర్ పంపే పల్స్‌లను (చిన్న విద్యుత్ సంకేతాలను) బట్టి అడుగడుగుగా తిరుగుతుంది. ఫోల్డర్లను షార్ట్‌కట్‌లుగా మార్చేలాంటి వైరస్ వల్ల కంప్యూటర్ ఉక్కిరిబిక్కిరైతే కొన్ని పల్స్‌లు తప్పిపోతాయి. మోటార్ ఎక్కడ ఉందో తిరిగి చెప్పే ఏర్పాటు ఇలాంటి మెషిన్లలో సాధారణంగా ఉండదు. సాఫ్ట్‌వేర్ ఒక చోటనుకుంటుంది, చెక్కే బిట్ (మొన) ఇంకో చోట ఉంటుంది. టేకు పోతే డబ్బు పోతుంది. బిట్ వెళ్లి చెక్కను పట్టి ఉంచే క్లాంప్‌కు తగిలి విరిగితే, ఆ ముక్క పక్కన నిలబడ్డ మనిషి కంట్లోకి రావచ్చు. నాకు అసలు భయం అదే.

"అనుమానం వచ్చిన ఫైల్ మేం క్లిక్ చేయం" అంటారు చాలామంది. 2010లో బయటపడిన స్టక్స్‌నెట్ అనే వైరస్‌కు క్లిక్ కూడా అక్కర్లేదు, షార్ట్‌కట్ ఐకాన్ తెర మీద కనబడితే చాలు. ఇంటర్నెట్ లేని పారిశ్రామిక యంత్రాల దాకా అది పెన్‌డ్రైవ్‌లలో చేరింది. ఆ లోపాన్ని సరిచేసే అప్‌డేట్ అదే ఏడాది ఆగస్టులో వచ్చింది. కానీ బిగించిన రోజు నుంచి ఒక్క అప్‌డేట్ కూడా చూడని కంప్యూటర్లు మన షాపుల్లో ఎన్నో! విండోస్ 7కు ఉచిత అప్‌డేట్లు 2020 జనవరి 14తోనే ఆగిపోయాయి కూడా.

ఇక చేయాల్సింది. మెషిన్ కంప్యూటర్‌ను ఫార్మాట్ చేసి అదే విండోస్ మళ్లీ వేయించండి. ముందుగా మెషిన్ సెట్టింగ్‌ల ఫైల్ కాపీ తీసుకోవడం మరవొద్దు, అది పోతే మోటార్ లెక్కలన్నీ మళ్లీ మొదటికి వస్తాయి. తర్వాత దానికి నెట్ ఇవ్వకండి. కస్టమర్ డిజైన్‌ను వేరే కంప్యూటర్‌లో స్కాన్ చేసి, అక్కడే జీకోడ్ (మెషిన్ ఎటు కదలాలో చెప్పే ఆదేశాల ఫైల్) తయారుచేసి, షాపు గడప దాటని ఒక పెన్‌డ్రైవ్‌లో ఆ ఒక్క ఫైలే తీసుకెళ్లండి. జీకోడ్ అంటే మామూలు టెక్స్ట్. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే జీ, ఎక్స్, వై, జడ్ అక్షరాలూ అంకెలూ వరసగా కనబడాలి. అలా లేకపోతే మెషిన్ దగ్గరికి తీసుకెళ్లొద్దు.

ఇందులో మీ తప్పు సగమే. లక్షలు తీసుకుని మెషిన్ బిగించేవాళ్లు క్రాక్ చేసిన డిజైన్ సాఫ్ట్‌వేర్ ఎక్కించి, "యాంటీవైరస్ ఆపేయండి, లేకపోతే తెరుచుకోదు" అని చెప్పి వెళ్తున్నారు. తలుపు అమ్మి తాళం తీసుకుపోవడం కాదా ఇది? కొనేటప్పుడే లైసెన్స్ బిల్లు అడగండి. కంప్యూటర్ పల్స్‌ల మీద ఆధారపడని, ఈథర్‌నెట్ కేబుల్‌తో (అంటే ఇంటర్నెట్ కాదు) నడిచే, పల్స్‌లను తానే పంపే కంట్రోలర్ కావాలని పట్టుబట్టండి.

ప్రశ్న: చిత్తూరులో వుడ్ రూటర్ ఉంది. దాని మీద ఇత్తడి తలుపు గుబ్బలు, స్టీల్ పలకలు, నిలువెత్తు విగ్రహాలు చేయొచ్చా?

జవాబు: ఇత్తడి పలక మీద అక్షరాలు చెక్కొచ్చు, లోతు కొద్దికొద్దిగా తీయండి. స్టీల్ వద్దు, దానికి తక్కువ వేగంలో బలంగా తిరిగే స్పిండిల్ (బిట్‌ను తిప్పే మోటార్), ఊగని బరువైన ఫ్రేమ్ కావాలి. గుబ్బలు లేత్ (వస్తువును తిప్పుతూ చెక్కే యంత్రం) పని. విగ్రహం విషయానికొస్తే, మూడు యాక్సిస్‌ల (ముందువెనకలు, పక్కలు, పైకిందలు మాత్రమే కదిలే) మెషిన్ పైనుంచి కనబడేదే చెక్కగలదు. చెయ్యి వెనక, చెవి కింద బిట్ అందదు. చెక్కను తిప్పి బిగించాలి, లేదా చెక్కను గుండ్రంగా తిప్పే నాలుగో యాక్సిస్ పెట్టించాలి.